మామిడితోటలో ఎవరూ పిలవలేదు

చాలా ఏళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. బరువంటే గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుందంటారు. నాది అలా ఉండలేదు. చెప్పులో దూరిన చిన్న రాయిలా ఉండేది. నడవవచ్చు. నవ్వవచ్చు. చప్పట్లు కొడుతూ పాటలూ పాడవచ్చు. కానీ అడుగు వేసిన ప్రతిసారీ అది అక్కడ ఉన్నట్టు తెలుస్తూనే ఉండేది.

నా పేరు వద్దు. బంగారుపాళ్యంలో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని, అంతవరకు చాలు. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ప్రార్థన కూటానికి మీరు వచ్చి ఉంటే, తెల్లచీర కొంగు తల మీదుగా కప్పుకుని, మామిడితోటలో దేవుడు తనను పేరు పెట్టి పిలిచాడని సాక్ష్యం చెప్పిన ఒకామెను మీరు విని ఉండవచ్చు. ఆమె నేనే. విని కళ్లు తుడుచుకున్నవాళ్లలో మీరూ ఉన్నారేమో. అందుకే మీతో చెప్పాలి.

ఆ తోటలో నన్ను ఎవరూ పిలవలేదు.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. నా జీవితంలో ఇంత సంతోషంగా ఉన్న కాలం ఇంకొకటి లేదు. విచిత్రంగా, ఆ సంతోషమే నన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తోంది.

పెళ్లయి చిత్తూరు నుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు ఇక్కడ ఒక్క ముఖమూ తెలియదు. మా ఆయన లారీ డ్రైవరు. మామిడి గుజ్జు డ్రమ్ములు ఎక్కించుకుని పోతే ఎప్పుడు తిరిగి వస్తాడో ఆయనకే తెలియదు. నేను, నా మిషను, కిటికీలోంచి హైవే మీద వినిపించే బస్సుల హారన్లు. అంతే నా లోకం. మా సందు చివర రేకుల కప్పుతో ఒక చిన్న మందిరం ఉండేది. ఆదివారం వస్తే డోలక్ మోగేది. ఆ పాటల కోసం కిటికీ తెరిచి పెట్టేదాన్ని.

ఆ మందిరం పాస్టరుగారి భార్యను అందరూ అమ్మగారు అని పిలిచేవారు. ఒక ఆదివారం ఆమె జాకెట్టు కుట్టి ఇవ్వడానికి పోయాను. ఆరాధన అయిపోయి అందరూ లేస్తున్నారు. ఆమె జాకెట్టు తీసుకుని చూడను కూడా చూడలేదు. "అన్నం తింటివామ్మా?" అని అడిగింది. ఆ మాట అడిగినవాళ్లు ఆ ఊళ్లో అంతవరకు ఎవరూ లేరు. సంగటి, వేరుశనగ చట్నీ పెట్టింది. తిన్నాను. మరుసటి ఆదివారం పోయాను. ఆ తర్వాత వారమూ పోయాను. ఒకసారి పోలేదు. ఆ సాయంత్రమే ఇద్దరు ఆడవాళ్లు మా గుమ్మంలో నిలబడి, "ఏమ్మే రాలేదు, జొరమా?" అని అడిగారు.

నేను రాకపోతే ఒక చోటు ఖాళీగా కనిపిస్తుందన్నమాట. ఆ రాత్రి ఆ సంగతి తలచుకుని ఎంతసేపు నవ్వుకున్నానో.

నేను విశ్వాసిని కావడానికి కారణం ఇదే. ఇంకేమీ లేదు. దీన్ని ఇలాగే చెప్పి ఉంటే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు?

బాప్తిస్మానికి ముందు సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి. ప్రభువు నిన్ను ఎలా పిలిచాడో చెప్పాలి. నాతోపాటు ఇంకొందరు ఉన్నారు. ఒకాయన తాగుడు మానిన కథ చెప్పాడు. ఒకామె బావిలో పడి బతికిన సంగతి చెప్పింది. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. నా వంతు దగ్గర పడే కొద్దీ నా కథ నాకే చిన్నదిగా అనిపించింది. సంగటి పెట్టారు, రాకపోతే అడిగారు అని చెబితే వినేవాళ్లు ఏమనుకుంటారు? తిండి కోసం వచ్చిందనుకోరా? నేను లేచి నిలబడ్డాను. నా నోట్లోంచి మామిడితోట వచ్చింది.

ఆ వారం జ్వరంతో ఒక తోటలో కూర్చున్న మాట నిజమే. కుట్టిన బట్టలు పక్క పల్లెలో ఇచ్చి వస్తూ, ఎండకు నడవలేక, ఒక చెట్టు కింద కూలబడ్డాను. అంతవరకే నిజం. నన్ను పేరు పెట్టి ఎవరో పిలిచారనీ, భయపడకు నేనున్నాను అన్నారనీ, లేచేసరికి జ్వరం దిగిపోయిందనీ చెప్పాను. రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా స్తోత్రం అన్నారు. అమ్మగారు నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది నిజమైన ఏడుపే. అబద్ధం చెప్పి నిజంగా ఏడవడం ఎలా కుదురుతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆ తర్వాత పల్లెల్లో కూటాలు పెట్టినప్పుడల్లా నన్ను తీసుకుపోయేవారు. చెప్పిన ప్రతిచోటా ఆ కథ కొంచెం పెరిగింది. ఒక ఊళ్లో ఆకులు కదలకుండా నిలిచిపోయాయి. ఇంకో ఊళ్లో చెట్టు చుట్టూ వెలుగు వచ్చింది. చివరికి గట్టు మీద మేస్తున్న ఆవు కూడా తలెత్తి విన్నదని చెప్పాను. ఆ రోజు నాకే సిగ్గేసింది. కానీ ఆవును మళ్లీ తీసేయలేదు. జనానికి ఆవు నచ్చింది.

ఈ మాట కూడా చెప్పాలి, లేకపోతే నా ఒప్పుకోలు సగమే అవుతుంది. ఆ అబద్ధం పక్కనే నాలో ఇంకొకటి పెరుగుతూ వచ్చింది. శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి చాపలు పరిచే పని నాకిచ్చారు. మొదట్లో విసుగుపడేదాన్ని. తరువాత్తరువాత చాప పరుస్తూ, ఇక్కడ ఫలానా ముసలమ్మ కూర్చుంటుంది, ఆమె మోకాళ్లకు బలమివ్వు ప్రభువా అని నాకు తెలియకుండానే అడగడం మొదలుపెట్టాను. పిల్లలకు ఆదివారం బడి చెప్పమన్నారు. వాళ్ల ప్రశ్నలకు జవాబు కోసం బైబిలు చదివి, చదివి, ఒకరోజు నా కోసమే చదువుకుంటున్నానని గమనించాను. మంచం పట్టినవాళ్ల దగ్గరికి పోయి కూర్చోవడం నేర్చుకున్నాను. పోట్లాడిన మనిషి పక్కనే వచ్చే ఆదివారం కూర్చుని ఒకే పాటల పుస్తకంలో చూసి పాడడం నేర్చుకున్నాను. అది అన్నిటికంటే కష్టం. ఏ పిలుపూ వినిపించలేదు. కానీ ఒకరోజు చీపురు పట్టుకుని నిలబడి, నేను ఒంటరిగా లేను అని స్పష్టంగా తెలిసింది. అంత ఆనందం! గొంతెత్తి పాడుతూ ఊడ్చాను. నిజమైన సాక్ష్యం అప్పటికి నా చేతికి వచ్చింది. దాన్ని దాచుకుని, కల్పించినదాన్నే ఊళ్లలో పంచుతూ తిరిగాను.

ఇక సుగుణ గురించి.

సుగుణ మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని చేస్తుంది, మిగతా కాలం కూలికి పోతుంది. తలుపు దగ్గర చివరి చాప మీద కూర్చుంటుంది. ఎవరింట్లో కష్టమొచ్చినా అందరికంటే ముందు ఆమే ఉంటుంది. కానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఏళ్లు గడిచినా తీసుకోలేదు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, రొట్టె పళ్లెం ఆమె దాకా వస్తే, బాప్తిస్మం లేదు కాబట్టి, తల వంచుకుని పక్కవాళ్లకు అందించేది. పాస్టరుగారు అడిగితే, "ఇంకా టైం రాలేదయ్యగారూ" అనేది.

ఒక శనివారం మధ్యాహ్నం, మరుసటి రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమ విందుకు ఇద్దరం కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాం. ఉన్నట్టుండి ఆమె చెప్పింది. నా సాక్ష్యం విన్నప్పటి నుంచి ఆమె ఆ తోటకు పోయి కూర్చుంటోందట. ఆరాధన అయిపోయాక, అందరూ ఇళ్లకు పోయాక. కాపలావాడు మొదట కాయల దొంగ అనుకున్నాడట. ఇప్పుడు అలవాటై కుండలో నీళ్లు ఇస్తాడట. నన్ను పిలిచినట్టు తననూ ఒకసారి పిలిస్తే, వెంటనే బాప్తిస్మం తీసుకుంటుందట. ఇంతవరకు పిలవలేదట.

ఉల్లిపాయలు కాబట్టి ఇద్దరి కళ్లలోనూ నీళ్లున్నాయి. అప్పుడు చెప్పేయవలసింది. నేనేం చేశాను? పిలుస్తాడులే, ఓపిక పట్టు అన్నాను. మొదటి అబద్ధం సిగ్గుతో చెప్పాను, భయంతో చెప్పాను, చిన్నదాన్ని. దీనికి ఏ సాకూ లేదు. పూర్తిగా తెలిసి, ఒక మంచి మనిషిని ఖాళీ తోటలోకి మళ్లీ పంపించాను.

ఆ తర్వాత నిద్ర పట్టలేదు అని చెబితే బాగుంటుంది. కానీ పట్టింది. మెలకువలోనే కుదురు లేకుండా పోయింది. బాప్తిస్మాల తేదీ ప్రకటించిన ఆదివారం, అందరూ లేచాక, సుగుణ గొడుగు కూడా లేకుండా హైవే దాటి తోట వైపు నడవడం చూశాను. ఈసారి నా కాళ్లు ఇంటి వైపు తిరగలేదు. ఆమె వెనకాలే పోయాను.

చెట్టు మొదట్లో కొంగు పరుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖమంతా వెలిగిపోయింది.

"రా అక్కా, కూర్చో. ఇంత ఎండలో ఎందుకొస్తివి?"

"సుగుణా, ఈ తోటలో నన్నెవురూ పిలవలేదు."

ఆమెకు అర్థం కాలేదు. చుట్టూ చూసింది. "ఈ చెట్టు కాదా? ఇంకో చెట్టా?"

"ఏ చెట్టూ కాదు. జొరమొచ్చి ఈడ కూర్చున్నా. అంతే. మిగిలిందంతా నేను కల్పించినా."

"ఆకులు కదలకుండా నిలబడినాయంటివే?"

"లేదు."

"ఆవు?"

"ఆవు కూడా లేదు."

సుగుణ నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆవు కూడా లేదా, ఆవు కూడా లేదా అంటూ కడుపు పట్టుకుని నవ్వింది. కాపలావాడు ఏమైందోనని దూరం నుంచి తొంగి చూశాడు. నాకూ నవ్వొచ్చింది. అంతలోనే ఆమె ఆగిపోయింది.

"నువ్వు నవ్వబాక. నన్ను పిలవలేదంటే నాలో ఏం పాపముండాదో అని ఒక్కొక్కటే తీసి సూసుకున్నా. లేని పాపాలు కూడా ఎతుక్కున్నా అక్కా. నేనంటే దేవునికి పడదేమో అనుకున్నా."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

ఆమే అడిగింది. "మరి నువ్వెట్ల నమ్మితివి? ఆ మాటన్నా నిజం సెప్పు."

"అమ్మగారు అన్నం తింటివా అని అడిగింది. ఒక వారం రాకుంటే ఎతుక్కుంటా వచ్చినారు. సాపలు పరస్తా పరస్తా నమ్మినా. ఎప్పుడు నమ్మినానో కూడా తెలీదు."

సుగుణ గడ్డిపోచ ఒకటి తుంచి వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టింది.

"అది నాకూ జరిగింది గదా" అంది, మెల్లగా. "వానకు తడస్తా ఉంటే లోపలికి వచ్చినా. ఎవురో సాప జరిపినారు. ఇంటికి పోబుద్ధి కాలా. అంతే సాలునా అక్కా?"

"నాకు అదే సాలింది."

ఆమె లేచి చీర దులుపుకుంది. "నేను అయ్యగారి కాడికి పోతా ఉండా" అని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నవ్వినా గదా అని నిన్ను సమించినాననుకోవాకు. ఇప్పుడైతే లేదు." ఆ మాట అనేసి, దాదాపు పరుగులాంటి నడకతో పోయింది. ఆ నడక చూస్తుంటే నా కాళ్లూ తేలికయ్యాయి.

బాప్తిస్మం ఒక రైతు పొలంలో, బోరు నీళ్ల తొట్టిలో. సంఘమంతా గట్టు మీద నిలబడ్డాం. నీళ్లలో దిగే ముందు సుగుణ సాక్ష్యం చెప్పింది. "నన్నెవురూ పిలవలేదు. వానకు లోపలికి వచ్చినా. మీరు సాప జరిపినారు. ఈడే ఉండాను, ఈడే ఉంటాను." అంతే చెప్పింది. ఒక్క క్షణం అందరూ ఇంకేదో వస్తుందని చూశారు. తర్వాత ముసలమ్మ ఒకామె గట్టిగా స్తోత్రం అంది. ఇక ఆగలేదు. డోలక్ అందుకుంది, పిల్లలు కాలువలో గంతులేశారు, సుగుణ నీళ్లలోంచి దగ్గుతూ, నవ్వుతూ పైకి లేచింది. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు ఎర్రబడ్డాయి.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. సుగుణ ఎవరికీ చెప్పలేదు. కానీ ఆమె సాక్ష్యం విన్నాక నాది అలాగే ఉంచుకోవడం నాకు చేతకాలేదు. మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. అందరూ తోట కథే అనుకుని ముందుగానే చిరునవ్వు నవ్వారు. చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవుతో సహా.

ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మగారు తల దించుకుంది. పాస్టరుగారు కూర్చోమ్మా అన్నారు. తర్వాత పాట చెప్పారు. మొదటి చరణం పాడలేకపోయాను. రెండో చరణానికి నా గొంతు వచ్చింది, శ్రుతి తప్పి, అందరికంటే పెద్దగా.

ఇప్పుడు నన్ను కూటాలకు తీసుకుపోవడం లేదు. పిల్లల బడి ఇంకొకరు చెబుతున్నారు. కొందరు మునుపటిలా మాట్లాడుతున్నారు, కొందరు లేదు. అమ్మగారు జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది గానీ ఆ సంగతి ఎత్తదు. సుగుణ క్షమించానని ఇంతవరకు అనలేదు. నేను అడగలేదు. శనివారం ఊడ్చే పని మాత్రం నాకే వదిలేశారు. అందుకు ఎంత సంతోషమో చెప్పలేను. పాడుతూనే ఊడుస్తున్నాను.

మా సంఘానికి చెప్పాను. కానీ ఆ పల్లెల్లో విన్నవాళ్లందరి దగ్గరికీ పోలేను కదా. మీరు వాళ్లలో ఒకరైతే, నా మాట నమ్మి మీరూ ఎక్కడైనా ఒక పిలుపు కోసం కూర్చుని ఉంటే, దయచేసి లేవండి. మీలో ఏ లోపమూ లేదు. భయపడకు, నేనున్నాను అని ఆ తోటలో వినిపించిన గొంతు ఏదీ లేదు. ఆ మాట నేను అల్లినది.

అమ్మయ్య. చెప్పేశాను.