నాయన తల ఊపాడన్నాను

అమ్మా నేనూ ఏసయ్యను నమ్ముకుని పదేళ్ళయింది. నాయన నమ్మలేదు. ధర్మపురి ఆస్పత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న రోజు నుంచీ అమ్మ ఏడుపంతా నాయన పోతాడని కాదు, పోయాక కూడా కలవడేమోనని. నిత్యజీవం ఆమెకు ఆదివారం పాట కాదు. పొద్దున జుట్టూ జుట్టూ పట్టుకున్న పక్కింటామెకు సాయంత్రానికల్లా మజ్జిగ ఇచ్చి వచ్చేది. "రేపు ఆడ మొకాలు చూసుకోవాల గదే" అనేది.

"నమ్మినానని ఒక్క మాట చెప్పయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని మంచం పక్కన కూలబడి బతిమాలింది. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొండిఘటం! చివరికి ఆమె పాస్టరయ్యను పిలుచుకురావడానికి నల్లంపల్లికి బస్సెక్కింది.

మాది మేకల బతుకు. పిల్ల పుట్టగానే చెవి అంచు కోసి మా గుర్తు పెడతాం. కొండ మీద ఎన్ని మందలు కలిసిపోయినా, సాయంత్రం చెవి చూసి ఎవరివి వాళ్ళు తోలుకుపోతారు.

అమ్మ అటు వెళ్ళగానే నాయన నన్ను పిలిచాడు.

"పాపా, నేను మా నాయన మందలో మేకను. ఆయన గుర్తే నాకుండేది. ఇప్పుడు ఇంకొకరి గుర్తు వేసుకుంటే, ఆడ ఆయన నన్నెట్ల కనుక్కుంటాడు? నేను రాలేనని మీయమ్మకు చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పోయేముందైనా ఆమె మాట వినకూడదా?" అని అరిచాను. చచ్చిపోతున్న మనిషి మీద అరిచాను, పాపిష్టిదాన్ని. తర్వాత నీళ్ళు తాగించబోతే గుటక పడలేదు, ప్రాణం పోయింది.

పాస్టరయ్య కంటే ముందు అమ్మ పరుగెత్తుకొచ్చింది. మంచం వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"ఏమన్నా చెప్పినాడా పాపా?"

ఆ మొహం చూసి తట్టుకోలేకపోయాను. "ఏసయ్య పేరు చెప్తే తల ఊపినాడమ్మా" అన్నాను.

"స్తోత్రం తండ్రీ" అంటూ అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆమె ఇప్పుడు నిబ్బరంగా ఉంది. నేనే కుళ్ళి కుళ్ళి చస్తున్నాను. నిజం చెప్తే ఇక్కడే ఆమె గుండె పగిలిపోతుంది. చెప్పకపోతే అక్కడికి వెళ్ళి వెతుక్కుంటుంది. నేను నమ్మినదే నిజమైతే, ఆ వెతుకులాటకు అంతం ఉండదు. దేవుడా, ఏం చేయను?

మొన్న ఎర్రమేక రెండు పిల్లలను ఈనింది. అమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయింది.

"మీ నాయనకు చెప్పాల్సినవి శానా ఉండాయి పాపా. నాకా మతిమరుపు. ఆడ ఆయన ముందర నిలబడి నేను మరిచిపోతే, నువ్వు అందియ్యాల."

సరేనన్నాను.