హద్దురాయి లేని ఇల్లు

ఎల్లారెడ్డి తహసీలు ఆఫీసు ముందు రేకుల కింద కూర్చుని దస్తావేజులు రాసుకునేవాణ్ణి నేను. నాలుగు హద్దులు రాయందే ఏ దస్తావేజూ పూర్తికాదు. తూర్పున ఫలానా వాళ్ల పొలం, పడమర కాలువ, అట్లా. అలాంటి నాకు సిద్దిరాములు పింఛను కాగితాల్లో చిరునామా రాయాల్సి వచ్చింది. అప్పటికే అతను వ్యానులో కాపురం పెట్టాడు. అలవాటుకొద్దీ తూర్పున ఏముందని అడిగాను. "ఇయ్యాల బస్టాండు. రేపటిది చెప్పలేను" అన్నాడు. నవ్వలేదు. అతనికి ఆ అలవాటు లేదు.

సిద్దిరాములు సర్వే ఆఫీసులో చైన్‌మన్. ముప్పై నాలుగేళ్లు ముందు గొలుసు, తర్వాత టేపు పట్టుకుని ఊరూరా హద్దురాళ్లు పాతించాడు. కొలిచే రోజున ఏ రైతు ఇంట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టడు. ఒకరింట్లో తాగితే పక్క పొలంవాడికి అనుమానం వస్తుందట. సీసాలో నీళ్లు అయిపోతే ఎండలో అట్లాగే నిలబడేవాడు. ఇంత మొండిమనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఆ మొండితనమే కొంపమీదికి తెచ్చింది. నాగిరెడ్డిపేట దగ్గర వాళ్ల సొంతూరు. తండ్రి పోయాక సిద్దిరాములూ, తమ్ముడు సాయిలూ వానమీద పండే చెల్క పంచుకున్నారు. వేరే చైన్‌మన్‌ను పిలిపించుకోమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. తన నేలను ఇంకొకడితో కొలిపించుకుంటే పరువు పోతుందన్నాడు. నక్ష, అంటే భూమి పటం, ముందు పెట్టుకుని తానే కొలిచాడు. పాత గట్టుకు అవతల మూడు ఫీట్లు తన దిక్కు కలిసొచ్చాయి. "నీ గొలుసు, నీ రాయి. ఇగ నేనెందుకు?" అని సాయిలు వెళ్లిపోయాడు. కొలతలో తప్పు లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా తోడబుట్టినవాడికి మూడు ఫీట్లు వదిలేస్తే నక్ష ఏమైనా ఏడుస్తుందా? అదే అడిగాను. "నక్షల గట్లనే ఉన్నది" అన్నాడు. అంతే, పంతొమ్మిదేళ్లు అన్నదమ్ముల మధ్య మాట లేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరూ పందిరి గుంజలను పరీక్షించేవాళ్లు.

రిటైరైన నెలకే కామారెడ్డి పోయి ఒక పాత స్కూలు వ్యాను కొనుక్కొచ్చాడు. పసుపు రంగు, కిటికీలకు ఊచలు, వెనక పిల్లలున్నారు జాగ్రత్త అన్న రాత. సీట్లు పీకించి మంచం, గ్యాసుపొయ్యి పెట్టించాడు. ఎల్లారెడ్డిలో అద్దె ఇల్లు ఖాళీ చేశాడు. హద్దు తగాదా లేని ఇల్లు కావాలట. భార్య భూమక్క వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ముప్పై నాలుగేండ్లు ఒక్కనివే తిరిగినవ్. ఇప్పుడు నన్ను గూడ తిప్పుతవా?" అంది. అని, మిక్సీ చంకలో పెట్టుకుని ఎక్కింది.

ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. బస్టాండు దగ్గర ఆపితే, వ్యాను ఎవరి కొట్టు ముందుందో తేల్చమని ఇద్దరు దుకాణదారులు అతన్నే నిలదీశారు. పోచారం ప్రాజెక్టు కట్ట దగ్గర ఆపితే రైతులు నక్షలు చుట్టుకుని వచ్చేశారు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి దాకా పారిపోతే అక్కడొక పెద్దాయన చెయ్యి పట్టుకుని తన పొలానికి తీసుకెళ్లి మరాఠీలో చాలాసేపు చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా హద్దు తగాదా అని మాత్రం తెలిసిందట.

చివరికి ఎండాకాలంలో వ్యానును సొంతూరికే తెచ్చి, తన చెల్కలో, తమ్ముడి గట్టు పక్కన ఆపాడు. మక్కజొన్న కోసేశారు, నేల గట్టిగా ఉంది. సాయిలు రోజూ ఆ బాటనే పోతాడు, వ్యానును మాత్రం చూడడు. అంత పసుపు బండిని చూడకుండా పోవడం మామూలు పని కాదు.

పదో రోజున పింఛను కాగితాల మీద సంతకం కోసం నేను వెళ్లాను. భూమక్క నాకు టీ ఇస్తూ, మొగుడికి వినపడేటట్టు అంది: "బండి గీడ ఎందుకు వెట్టిండో నాకు తెల్వదా అన్నా? తమ్ముడు ఒక్క మాట మాట్లాడితే సాలని. తను మాత్రం నోరువెట్టి పిలువడు."

సిద్దిరాములు లేచి వెళ్లి వ్యాను స్టార్ట్ చేశాడు. మెల్లగా గట్టు ఎక్కించి దించాడు. దిగి టేపు పెట్టి చూసుకుని, మళ్లీ ఎక్కి ఇంకొంచెం పోనిచ్చాడు. ముందు చక్రాలు రెండూ తమ్ముడి నేలలో ఉన్నాయి.

"అన్నా, అవుతలికి పోయింది" అన్నాను.

"తెలుసు. ఏమన్న అంటడేమో సూద్దాం."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ చేతులతో ఒకరి హద్దు దాటడం అదే మొదలు. నాకు కోపం వచ్చింది, ఈ పని పంతొమ్మిదేళ్ల కిందటే చేస్తే ఏం పోయిందని.

పొద్దు వాలుతుండగా సాయిలు వచ్చాడు. ఆగాడు. చక్రాల వైపు చూశాడు, గట్టు వైపు చూశాడు.

"అన్నా, నీ బండి నా దిక్కు వచ్చింది. తియ్యి."

"రేపు తీస్తా" అన్నాడు సిద్దిరాములు.

మర్నాడు సాయిలు వచ్చి చూస్తే వ్యాను అక్కడే ఉంది. తిట్టాడు. ఆ మర్నాడు ఇంకొంచెం ఎక్కువసేపు తిట్టాడు. నాలుగో రోజు భూమక్క అతనికి కుర్చీ వేసింది. తర్వాత టీ తాగుతూ తిట్టడం మొదలైంది. ఇతను రేపు తీస్తాననడమే తప్ప తాళంచెవి ముట్టలేదు.

మొదటి వానలు పడ్డాక నేను మళ్లీ పోయాను. సాయిలు చెల్కలో కిరాయి ట్రాక్టరు దున్నుతోంది. వ్యాను దాకా వచ్చి డ్రైవరు ఇంజను ఆపి, ఈ డబ్బా ఎవరిది, తీయించండని అరిచాడు.

సాయిలు గట్టు మీద నుంచే గద్దించాడు.

"డబ్బా ఏందిరా? మా అన్న ఇల్లది. సుట్టు తిప్పుకొని దున్ను."