చిన్నబాపు చూపు

మా చిన్నబాపు బెల్లంపల్లి బొగ్గుబాయిల పని చేసేటోడు. నేను ఐదో తరగతి చదువుతున్నప్పుడు బాయిల పైకప్పు నుంచి బండపెళ్ల ఊడి ఆయన తల వెనుక పడ్డది. దవాఖానాల చాన రోజులున్నంక జమ్మికుంట దగ్గరి మా ఊరికి తీసుకొచ్చిండ్రు. మనిషి మంచిగనే నడుస్తుండు, మాట్లాడుతుండు. దవాఖానాల డాక్టరు టార్చిలైటు వేసి చూసి, కండ్లకు ఏం కాలేదని చెప్పి పంపిండట.

వచ్చినరోజే దర్వాజకు కొట్టుకున్నడు. మా బాపుకు అనుమానమొచ్చింది.

"తమ్మీ, నీకు కనిపిస్తలేదా?"

"ఎందుకు కనిపిస్తలేదు? మంచిగనే కనిపిస్తుంది."

బాపు కొడవలి పట్టుకొని ముందట నిలబడ్డడు. "నా చేతిల ఏమున్నది?"

"చెంబు," అన్నడు చిన్నబాపు, ఏమాత్రం తడబడకుండ.

అబద్ధమాడుతున్నట్టు లేదు. నేను ఏదో అంటే నా గొంతు విని నా దిక్కు తిరిగి నవ్విండు. "ఇద్దరు ఒక్క తీరు లంగాలేసుకున్నరు. దానికి జర జాగియ్యి బిడ్డా, ఎండల నిలబడ్డది."

నా పక్కన ఎవరూ లేరు. ఆయన బిడ్డ, నా ఈడుదే, ఆయనకు దెబ్బ తగలకముందే జెరమొచ్చి చనిపోయింది. మా చిన్నమ్మ చేతిలున్న చాట కింద పడ్డది.

తలకు దెబ్బతోని పిచ్చి లేసిందన్నరు కొందరు. బాయిల చచ్చినోళ్లు పట్టుకున్నరన్నరు ఇంకొందరు. చిన్నమ్మ మంత్రగానికి చూపించింది, తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచెయ్యలే. మెల్లమెల్లగ ఆమెనే అడుగుడు మొదలుపెట్టింది, "ఇప్పుడు ఏం జేస్తుంది? జడేసుకున్నదా?" అని. ఆయన చెప్పేటోడు. ఏటికేడు ఆ పిల్ల పెరుగుతుండె. నేను ఓణీ కట్టిన యేడే అదీ కట్టింది. ఎక్కడ కూసున్నా నేను ఒక పక్కకు జరిగి కూసునేదాన్ని. బళ్ల కూడ బెంచీ మీద నా ఎడమ దిక్కు కొద్దిగ జాగ ఇడిచిపెట్టేదాన్ని. ఎందుకని ఎవరన్న అడిగితే చెప్పకపోయేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేండ్లకు నాకు మెడికల్ కాలేజీల సీటొచ్చింది. ఒకరోజు మా ముందట మెదడు పెట్టిండ్రు. ముందు నుంచి వెనుకకు సరిగ్గ నడిమికి కోసి, రెండు సగాలు చేసి, లోపలి మొఖం పైకి ఉండేటట్టు పెట్టిండ్రు. బయటి నుంచి చూస్తే మడతలే తప్ప ఏమీ తెల్వని మెదడు, లోపలి దిక్కు వేరే తీరుగ ఉంటది. నడుమ వంపు తిరిగిన తెల్లటి పట్టీ. రెండు సగాలను కలిపి ఉంచేది అదే. దాని మీదికెళ్లి చుట్టుకొని పోయే పొడుగు మడత. కింద నీరు నిలిచే బోలు జాగ. ఇగ కడకు, వెనుక దిక్కు, నాగలి సాలు లెక్క లోతైన గీత.

మా సారు సన్నటి పుల్లను ఆ గీత మీద పెట్టిండు. "కన్ను చూసేదంతా ఇక్కడికే వస్తుంది. రెండు వైపులా ఇది దెబ్బతింటే కన్ను బాగానే ఉంటుంది, లైటు వేస్తే కంటిపాప చిన్నదవుతుంది. చూపు మాత్రం ఉండదు. కొందరికి చూపు పోయిన సంగతే తెలియదు. అడిగితే కనిపిస్తుందనే అంటారు, లేనివి చెప్తారు."

మెదడు కుళ్లకుండ పోసిన ఫార్మలిన్ ఘాటుకు అందరి కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. అందుకే నా దిక్కు ఎవరూ చూడలే.

సెలవులకు ఇంటికి పోయేసరికి చిన్నమ్మ అరుగు మీద కూసొని పత్తిల చెత్త ఏరుతుంది. పక్కన కూసొని ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పిన.

"ఆయనకు ఏ దయ్యమూ పట్టలేదు చిన్నమ్మా. మెదడుల చూపుండే కాడ దెబ్బ తగిలింది. కండ్లకు కనిపించనిదాన్ని మెదడే ఏదో ఒకదానితోని నింపుకుంటది."

"అంటే పిల్ల రాలేదా?"

"రాలే."

ఏరిన చెత్తను అరుగు కిందికి దులిపింది. "ఆయనకు చెప్పకు," అన్నది. "దాని మొఖం నేను ఎన్నడో మర్సిపోయిన. ఆయన చెప్తెనే యాదికొస్తది."

ఆ పూట అన్నం తినేటప్పుడు చిన్నబాపు నా దిక్కు మొఖం తిప్పి, "ఇద్దరూ చిక్కిపోయిండ్రు," అన్నడు. నేను అలవాటు ప్రకారం పక్కకు జరగబోయి ఆగిన. ఆగినంక ఎవరినో చేత్తోని నెట్టేసినట్టనిపించింది. మళ్ల జరిగిన.

నా చదువు అయిపోకముందే చిన్నబాపు చనిపోయిండు. కరీంనగర్ల నౌకరి దొరికినంక చిన్నమ్మను నా దగ్గరికే తెచ్చుకున్న. వంట చేసేది, పక్కింటోళ్లతోని ముచ్చట పెట్టేది. బిడ్డ ఊసు మాత్రం ఎత్తకపోయేది. ఒకనాడు నేను దవాఖానకు తయారైతుంటే వచ్చి ఎదురుంగ నిలబడ్డది.

"గా దెబ్బ తగిలినోళ్లందరికీ గట్ల కనిపిస్తదా?"

"లేదు చిన్నమ్మా. ఎవరికో ఒకరికి."

ఆమె తన కొప్పు కింద వేళ్లు పెట్టి తడుముకున్నది. "సరిగ్గ ఈడనేనా?"

ఆమె చెయ్యి పట్టుకొని కిందికి దించిన. ఆ రోజు డ్యూటీకి పోలే. అటెనుక కూడ చాన రోజులు, ఆమెను చూస్తుండుమని పక్కింటామెకు చెప్పందే గడప దాటకపోయేదాన్ని.