గుడ్లగూబ పొదిగిన బాతుగుడ్డు

ఐలా హైస్కనెన్ మా ఊరు రీహివారలో ఇరవై ఆరేళ్లు టపా బండి నడిపింది. ఉత్తరాలు తగ్గిపోయి బండి ఆగిపోయినా ఆమె తిరగడం మాత్రం ఆగలేదు. అడవిలో ముప్పై ఎనిమిది గుడ్లగూబ పెట్టెలు ఆమె బాధ్యత. చెట్లకు ఎత్తున బిగించిన ఆ చెక్కపెట్టెల్లో ఏ పిట్ట చేరింది, ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి అన్నది ఏటా రాసి రాజధానిలోని పరిశోధకులకు పంపుతుంది. జీతమేమీ లేదు. పెట్రోలు బంకు పక్కనే నా కాఫీ కొట్టు కాబట్టి ఆమె కబుర్లన్నీ ముందు నా చెవినే పడేవి.

ఆ ఏడు మే నెల మొదట్లో ఒక ఉదయం హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చి కూర్చుంది. మా అడవిలోని బూడిదరంగు పెద్ద గుడ్లగూబ గూటి జోలికి వచ్చినవాళ్ల మొహం మీదికే దూకుతుంది. తెలిసినవాళ్లెవరూ హెల్మెట్ లేకుండా నిచ్చెన ఎక్కరు.

"పదిహేడో పెట్టెలో మూడు గుడ్లున్నాయి," అంది. "రెండు తెల్లగా, గుండ్రంగా. మూడోది కోలగా, పచ్చగా ఉంది. ఆ గుడ్లగూబ మూడింటి మీదా కూర్చునుంది."

పక్క బల్ల దగ్గర రౌనో ఉన్నాడు. దుప్పుల వేటగాడు. ఐలా మాటకు ఒక చురక తగిలించకపోతే అతనికి కాఫీ అరగదు.

"పచ్చగా ఉంటే ఇంకా పండలేదేమో. వారం ఆగి చూడు."

"అది తెల్క్కా బాతు గుడ్డు. చిన్నప్పుడు దొంగిలించి తిన్నవాడివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

తెల్క్కా బాతు చెట్టు తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. ఒక్కోసారి వేరే బాతు గూట్లో పెట్టి తన దారిన తను పోతుంది కూడా. కాని గుడ్లగూబ గూట్లో పెట్టడం, గుడ్లగూబ దాన్ని కాదనకుండా పొట్ట కింద దాచుకోవడం ఐలా ఎప్పుడూ చూడలేదు. అదే మాట రాసి పంపింది.

నాలుగో రోజున, ఆమె నా కొట్లో ఉండగానే, రాజధాని నుంచి ఫోనొచ్చింది. ఓట్సో అనే కుర్ర పరిశోధకుడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మీరు రెండు పెట్టెల కాగితాలు కలిపేసినట్టున్నారండీ. అందరికీ జరిగేదే. ఫొటో ఏమైనా ఉందా?"

"ఒక చేత్తో నిచ్చెన పట్టుకోవాలి, ఇంకో చేత్తో గుడ్లగూబను ఆపాలి. మూడో చెయ్యి మా ఊళ్లో ఇంకా అమ్మట్లేదు నాయనా."

అతను నవ్వి, "సరే, ప్రస్తుతానికి ప్రశ్నార్థకం పెట్టి ఉంచుతాను," అన్నాడు.

ఐలా ఫోను బల్ల మీద పెట్టింది. యాలకుల బన్ను ముట్టుకోలేదు. "ఒకళ్ల ఉత్తరం ఇంకొకళ్లింట్లో వేసిన పాపాన పోలేదు నేను. కాగితాలు కలిపేశానట," అంది.

రౌనో లేచి బయటికెళ్లాడు. తన బండిలోంచి, దుప్పులు ఉప్పు నాకడానికి వచ్చే చోట పెట్టే కెమెరా తెచ్చాడు. ఎదర ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే రకం.

"పద. పెట్టెకి ఎదురు చెట్టుకి కడదాం. నేనెక్కుతాను."

"హెల్మెట్ పెట్టుకో."

"ఎలుగుబంటికే పెట్టుకోలేదు, పిట్టకి పెట్టుకుంటానా?"

సాయంత్రానికి చెవికి మూడు కుట్లతో తిరిగొచ్చాడు. "నన్ను దుప్పి అనుకుందది," అన్నాడు.

"లేదు, మనిషనే అనుకుంది," అంది ఐలా. "దుప్పి జోలికి అది పోదు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె కెమెరాలోని కార్డు తెచ్చి నా కొట్లోని కంప్యూటర్‌లో పెట్టేది. ముగ్గురం కుర్చీలు లాక్కుని కూర్చునేవాళ్లం. మొదటి వారం నాలుగు వందల ఫొటోలు. అన్నిట్లోనూ గాలికి ఊగే బర్చ్ చెట్టు కొమ్మ. రెండో వారం మగ గుడ్లగూబ ఎలుకను ముక్కున పట్టుకుని వచ్చింది. మూడో వారం ఏమీ లేదు. నాలుగో వారానికి నేను కూడా కాఫీ పొయ్యడం మరిచిపోయి తెరకేసి చూస్తూ కూర్చున్నాను.

జూన్ ఏడు, ఉదయం అయిదూ నలభై. పెట్టె కన్నంలో నలుపూ తెలుపూ కలిసిన చిన్న తల. బాతుపిల్ల. దాని వెనకాల చీకట్లో గుడ్లగూబ మొహం, చెక్కుచెదరకుండా. తరవాతి ఫొటోలో పిల్ల గాల్లో ఉంది, రెక్కలు కాని రెక్కలు చాచుకుని. దాని తరవాతి ఫొటోలో నాచు మీద నిలబడి ఉంది, దగ్గర్లోని చెరువు వైపు తిరిగి. ఆ తరవాతి ఫొటోల్లో అది కనపడలేదు.

రౌనో చెవి తడుముకున్నాడు. "దూకిందే," అన్నాడు మెల్లగా.

ఐలా ఆ మూడు ఫొటోలూ ఓట్సోకి పంపి, వెంటనే చెరువుకు వెళ్లింది. రెల్లు పక్కన ఒక తెల్క్కా తల్లి పదకొండు పిల్లలతో తిరుగుతోంది. తెల్క్కా తల్లులు దారి తప్పిన పిల్లను కాదనవు. ఆ పదకొండులో ఒకటి మనదేనా? గంటసేపు చూసినా ఆమె తేల్చుకోలేకపోయింది.

వారం తిరక్కుండా ఓట్సో స్వయంగా వచ్చాడు. ఐలాతో నిచ్చెన ఎక్కి, పెట్టెలోని రెండు గుడ్లగూబ పిల్లల కాళ్లకు గుర్తు కోసం నంబరు ఉంగరాలు వేశాడు. వాటి కింద పచ్చని పెంకు ముక్కలు దొరికాయి. కిందికి దిగి, "నన్ను క్షమించండి. మీ కాగితం సరైనదే," అన్నాడు.

ఐలా దాన్ని పట్టించుకున్నట్టు లేదు. ఆమెను వేధిస్తున్న సంగతి వేరు. "చెట్టు కింద నుంచి తల్లి పిలిస్తేనే కదా తెల్క్కా పిల్ల దూకేది. దీన్ని ఎవరు పిలిచారు?"

ఓట్సో తల గోక్కున్నాడు. "తెలీదండీ."

"మీకూ తెలీదా?"

"ఎవరికీ తెలిసినట్టు లేదు."

పరిశోధకుడికి కూడా తెలియని సంగతి ఒకటి తన పెట్టెలో జరిగిందని ఆమె మొహం వెలిగిపోయింది. పెట్టె దగ్గర్నుంచి కొట్టుదాకా అదే మాట్లాడుతూ వచ్చారిద్దరూ. సరిగ్గా ఆ వేళకి తల్లి బాతేదైనా చెరువు మీద అరిచి ఉంటుందా, కన్నంలోంచి వెలుగు చూసి దూకిందా, లేక దూకడం గుడ్డులోనే నేర్చుకుని వస్తుందా? ఆ మర్నాడు ఆమె రౌనో దగ్గర ఇంకో రెండు కెమెరాలు, శబ్దాలు పట్టుకునే పెట్టె ఒకటీ అడిగి తీసుకుంది.

ఇది జరిగి నాలుగేళ్లు. పదిహేడో పెట్టెలో మళ్లీ పచ్చగుడ్డు కనపడలేదు. ఐలా ఏటా ఏప్రిల్ చివర, మంచు ఇంకా మోకాలి లోతు ఉండగానే, స్కీలు తొడుక్కుని వెళ్లి కెమెరాలు కట్టి వస్తోంది.