కండె కోసం పిలిచిన గొంతు

దయ్యాల వార్తలు నేను చాలానే రాశాను. జగిత్యాలలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ, ఇంటి మీద రాళ్లు పడుతున్నాయన్నా, బావిలోంచి ఏడుపు వినిపిస్తోందన్నా వెళ్లి చూసి వచ్చేవాడిని. రాళ్ల వెనక పక్కింటివాళ్లు ఉండేవారు. ఏడుపు వెనక పిల్లి ఉండేది. అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజులు. నాకు కంప్యూటర్ మీద చేసే సంగీతం ఇష్టం. దుబాయ్ నుంచి బంధువులు తెచ్చిన సీడీలతో పట్టుకున్న పిచ్చి అది. ఆఫీసులో నవ్వేవారు. అయినా ఏటా డిసెంబర్‌లో, ఆ ఏడు నాకు నచ్చిన ఎలక్ట్రానిక్ పాటల జాబితా ఒకటి జిల్లా పేజీకి రాసేవాడిని. మా దగ్గర రిలీజ్ అంటే పెద్ద కంపెనీలేమీ ఉండవు. సెల్‌ఫోన్ దుకాణంలో మెమరీ కార్డుల్లోకి ఎక్కితే రిలీజైనట్టే.

ఈ సంగతి జరిగిన ఏడు జాబితాలో కోరుట్ల కుర్రాళ్ల బతుకమ్మ రీమిక్స్ ఉంది. ఆడవాళ్ల చప్పట్లు తప్ప వేరే తాళం వాడలేదు. ఇబ్రహీంపట్నం నుంచి గల్ఫ్ వెళ్లివచ్చిన ఒకాయన క్రేన్ల మోతనూ, విమానాశ్రయంలో వినిపించే ప్రకటనలనూ కలిపి చేసిన పొడుగాటి ముక్క ఉంది. వాటన్నిటికంటే పైన సిరిసిల్ల సలీం చేసిన మరమగ్గాల పాటను పెట్టాను.

సలీం పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాడు, సెల్‌ఫోన్ దుకాణం నడుపుతాడు. స్నేహితుడు రాజేశం పనిచేసే షెడ్డుకు వెళ్లి మగ్గాల చప్పుడు రికార్డు చేశాడు. నాలుగు మగ్గాలు నాలుగు తాళాల్లో కొట్టుకుంటూ ఒక్కోసారి కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. ఆ మోతలో మామూలు మాట చెవికి చేరదు. అందుకే కార్మికులు మోతకు పైన తేలేలా గొంతు సాగదీసి పిలుస్తారు. రాజేశం భార్య సుగుణ పక్కగదిలో చిన్న గొట్టాల మీద నూలు చుట్టి కండెలు చేసేది. మగ్గంలో అటూఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోవస్తే అతను పిలిచేవాడు: "ఏ సుగుణా... కండె." సలీం ఆ పిలుపును పాట మధ్యలో పెట్టాడు. నేను ఆ ఏడు విన్న అన్నిట్లో అంత అందమైన చోటు మరొకటి లేదు.

వానాకాలంలో రాజేశం కరెంటు షాక్‌తో చనిపోయాడు. స్టార్టర్ దగ్గర తీగ తేలి ఉందని అంతకుముందే యజమానికి చెప్పాడట. తాగి పట్టుకున్నాడన్నాడు షెడ్డు యజమాని. మా పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి.

అతను పోయాక పాట ఇంకా పాకింది. ఊరేగింపుల్లో, రాస్తారోకోల్లో, చివరికి పెళ్లి బరాత్‌లలో.

జాబితాలో అతని పేరు కూడా వేద్దామని సిరిసిల్ల వెళ్లాను. సలీం తలెత్తకుండానే అన్నాడు. "నంబర్ వన్ సంగతి తర్వాత సార్. ముందుగాల ఆమెను అడుగున్రి."

సుగుణ ఇంటి ముందు కండెలు చుడుతోంది. నేను వచ్చిన పని చెప్పాను.

"ఎవలికిస్తరు సారూ మొదటి నంబరు? ఆయన పాట పాడలే. కండె అయిపోయిందని నన్ను పిలిసిండు."

చుట్టిన కండెను బుట్టలో వేసి తనే మళ్లీ అంది. "కూరగాయలకు పోతే పోరగాండ్లు ఎన్కకెల్లి ఫోన్ల పెట్టి ఇనిపిస్తరు. తిరిగి చూడొద్దనుకుంట. ఆయన గొంతాయె, మెడ తిరుగుతది. నవ్వుతరు. పాట ఉంటే ఉండనియ్యున్రి. గా పిలుపు తీపియ్యున్రి. అది నాది."

ఆ పాట పెట్టుకుని తిరుగుతున్న జీపు చౌరస్తాలో కనబడింది. జీపు ఒక చోటా నాయకుడిది. ఆ పిలుపు ఆపమని అడిగాను.

"అమరుని గొంతన్నా అది, జనం సొత్తు. ఆమె గర్వపడాలె గని."

"ఏం అమరుడు? తీగ తగిలి సచ్చిండు. గా షెడ్డు సేటే గద మీ జీపుల డీజిల్ పోసేది?"

అతను నవ్వాడు. "పేపర్ల మీకు రెండు లైన్ల జాగ దొరికింది. మేం ఊరంత ఇనిపిస్తున్నం. ఎవలు నయమే?"

అతని చొక్కా పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. నా మీదా వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. పాట మళ్లీ మొదటికి వచ్చింది. పిలుపు వచ్చే చోటు దగ్గరపడగానే, ఎప్పటిలాగే దాంతో గొంతు కలపడానికి కుర్రాళ్లు చేతులెత్తారు. అరిచారు. వాళ్ల అరుపులు మాత్రమే వినిపించాయి. స్పీకర్లలో ఉత్త మగ్గాలు. రెండోసారి పిలుపు రావాల్సిన చోటా అంతే. ఒక్కొక్కరే ఆగిపోయారు. డ్రైవర్ వేరే మెమరీ కార్డు పెట్టాడు. అందులోనూ లేదు.

సలీం దుకాణానికి వెళ్లాను. అతని కంప్యూటర్‌లో ఆ గొంతు విడిగా ఒక ఫైలులో ఉంది. తెరిస్తే మోత వచ్చింది, మోత మీద ఏమీ లేదు. సలీం ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇయ్యాల పొద్దుగాల గూడ ఇన్న సార్" అన్నాడు.

కోరుట్లలో నాకు తెలిసిన సెల్‌ఫోన్ దుకాణాల్లో అడిగాను. ఎక్కడా లేదు. కార్డులంటే ఎవరో మార్చారనుకోవచ్చు. సలీం ఇదివరకే నాకిచ్చిన, జగిత్యాలలో నా బీరువాలో ఉన్న సీడీ సంగతేమిటి? ఒకసారి ఎక్కించాక చెరపడానికి వీల్లేని రకం అది. తాళం నా జేబులోనే ఉంది. అందులోనూ మగ్గాలే.

జాబితా అచ్చయింది. మొదటి స్థానం మాత్రం ఎగిరిపోయింది. ఆ జాగాలో ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన వచ్చింది. డెస్కుకు ఫోన్ చేసి తిట్టాను. "మగ్గాల చప్పుడుకు ర్యాంకేందన్నా" అని అవతల నవ్వారు.

జాబితా సంగతి సుగుణకు చెప్పడానికి వెళ్లాను. పేరు రాలేదంటే ఆమె పట్టించుకోలేదు. పిలుపు ఎక్కడా లేదంటే తలూపింది. రాజేశం వాడిన పాత ఫోన్ తీసి పాట పెట్టింది. నేను గడప దగ్గర కూర్చుని ఉన్నాను. మగ్గాలు మొదలయ్యాయి. ఆ చోటు వచ్చింది.

"ఏ సుగుణా... కండె."

సన్నగా, కానీ స్పష్టంగా విన్నాను. ఆమె చెయ్యి కండెల బుట్ట వైపు వెళ్లింది.

ఫోన్ ఒకసారి ఇమ్మని అడిగాను. ఇచ్చింది. అదే ఫోన్, అదే పాట. నా చేతిలో మగ్గాలు మాత్రమే మోగాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. ఆమెకు తిరిగి ఇస్తే, అతను పిలిచాడు.

చాలా ఏళ్లుగా కంప్యూటర్ తెలిసినవాళ్లను అడుగుతున్నాను. వైరస్ అంటారు, కార్డు పాడయిందంటారు, నా చెవులంటారు. ఏ ఒక్కటీ నా బీరువాలోని సీడీకి సరిపోదు. అది ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు సుగుణ ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. ఫోన్ కొంగులో చుట్టుకుంటూ అంది.

"మీ చేతుల ఎందుకు ఇనబడతది సారూ. మిమ్ముల పిలువలే గద."