రోజూ జైలుకెళ్ళే కన్నారావు

కన్నారావు ఆటో నడిపే తీరు చూస్తే, ఇతనొకప్పుడు పోలీసుల కళ్ళు గప్పి తిరిగాడంటే నమ్మబుద్ధి కాదు. కుక్క అడ్డొస్తే దిగి మరీ దాన్ని పక్కకి తోలతాడు. అలాంటి మనిషి పట్టకూడని సముద్ర దోసకాయలనే జీవుల్ని పట్టి, అమ్మబోతూ దొరికిపోయి, రెండేళ్ళు శిక్ష అనుభవించాడు. బయటికొచ్చి నాలుగేళ్ళయింది. తప్పు చేశానని తనే చెప్పుకుంటాడు, అడగనివాళ్ళకి కూడా!

ఇప్పుడతని ప్రాణమంతా ఒక్క పని మీదుంది. చాతం వైపు నుంచి నలుగురు పిల్లల్ని రోజూ మిడిల్ పాయింట్ బడికి దించే పని. పెద్ద టీచరు కనకలక్ష్మి గారికి ఇష్టమే. తల్లుల్లో చిట్టితల్లి మాత్రం ససేమిరా అంది. ఒకసారి జైలుకెళ్ళినవాడు మళ్ళీ వెళ్ళడని ఏమిటి నమ్మకం అని ఆవిడ ప్రశ్న. అడగాల్సిన ప్రశ్నే, తల్లి కదా.

సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి ఈ దీవికి స్వాతి అనే అమ్మాయి దిగింది. విడుదలైనవాళ్ళలో ఎంతమంది మళ్ళీ జైలుకెళ్తున్నారో దేశదేశాల లెక్కలు పోల్చి చూడటం ఆమె పరిశోధన. కనకలక్ష్మి గారు ఆమెని తల్లిదండ్రుల మీటింగుకి పిలిచారు.

స్వాతి చక్కగా చెప్పింది. ఒకచోట మళ్ళీ అరెస్టయితే చాలు, లెక్కలో వేసేస్తారట. ఇంకోచోట కోర్టు శిక్ష వేస్తేనే వేస్తారట. ఒకరు రెండేళ్ళు చూస్తే మరొకరు ఐదేళ్ళు చూస్తారట. అందుకని అంకెలు పక్కపక్కన పెట్టేసి ఫలానా దేశం గొప్పదనేయకూడదంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ ఊళ్ళో విడుదలైనవాళ్ళని ఐదుగురిని తను ఫోన్లో అడిగితే, ఒకరు మళ్ళీ జైలుకెళ్తున్నట్టు ఒప్పుకున్నారని కూడా చెప్పింది.

చిట్టితల్లి గెలిచినట్టు చుట్టూ చూసింది. వెనక బెంచీలో ఉన్న కన్నారావుకి ఒళ్ళు మండిపోయింది. ఎవడో సిగ్గులేనివాడు బుద్ధిగా బతుకుతున్న నలుగురి నోట మట్టి కొడుతున్నాడని లేచి దులిపేశాడు. పేరు చెప్తే ఇప్పుడే వెళ్ళి గడ్డి పెడతానన్నాడు. పేర్లు చెప్పకూడదంటే వినడే! చివరికి ఆ పిల్ల, పేరు చెప్పను గాని ఆయనన్న మాటలివీ అని కాగితం చూసి చదివింది.

"అవును దీదీ, రోజూ ఎల్తన్నాను. సీజన్లో అయితే మూడుసార్లు. ఇప్పుడూ అక్కడికే, జల్దీ అడగండి."

కన్నారావు వేలెత్తి తన గుండెనే చూపించుకున్నాడు.

"అది నానే," అన్నాడు నెమ్మదిగా. "సెల్యులార్ జైలు గురించి అడుగుతున్నావనుకున్నానమ్మా. టూరిస్టుల్ని దించుతాను కదా."

ఈ ఊరి ఆటోవాళ్ళకి జైలంటే అదొక్కటే, టిక్కెట్టు కొని చూసేది. తను ఉండొచ్చిన జైలుని కన్నారావు ఎప్పుడూ ఆ పేరుతో పిలవడు, "అక్కడ" అంటాడంతే. మాటకి ఏ దేశం ఏ అర్థం తీస్తుందో అరగంట చెప్పిన స్వాతి, ఎర్రబడ్డ మొహంతో తన అంకె కొట్టేసుకుంది. హాలంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

చిట్టితల్లి మాత్రం నవ్వలేదు. తిన్నగా కన్నారావు దగ్గరికొచ్చి నిలబడింది.

"మా పిల్లకి ఆటోలో వాంతులొస్తాయి. గాలి తగిలేలా కూర్చోబెట్టాలి. ఏడున్నరకల్లా రాకపోతే ఊరుకోను, ముందే సెప్తన్నాను."

నాలుగేళ్ళలో అతన్ని మామూలు ఆటోవాణ్ణి దబాయించినట్టు దబాయించినవాళ్ళు లేరు. అలాగేనమ్మా అనబోయి, కన్నారావు అందరి ముందూ ఏడ్చేశాడు.