రెండుసార్లు తోమిన గిన్నెలు

నాంపల్లిలో మేమున్న ఇంట్లో నేను రోజూ గిన్నెలు రెండుసార్లు తోమేదాన్ని. ఒకసారి నల్లా దగ్గర, అందరూ చూసేలా. రెండోసారి గదిలో, తలుపేసుకుని. శుభ్రం ఎక్కువై కాదు, భయం ఎక్కువై. ఇప్పుడీ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వరా మరి, సామాను ఎత్తమని వాళ్లనెవరూ అనలేదు.

అరవైల్లో మాట ఇది. మా ఆయనకు గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పెళ్లయ్యాక మొదట బషీర్‌బాగ్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మేం క్రైస్తవులమని ఇంటివాళ్లకు తెలిసిన వారంలోనే ఖాళీ చేయించారు. అరవలేదు, తిట్టలేదు. "మా పెద్దోళ్లు ఒప్పుకుంటలేరమ్మా" అని మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెబితే మాత్రం ట్రంకుపెట్టె బరువు తగ్గుతుందా? వానలో రిక్షా ఎక్కి, ఆ పెట్టె మీద చెయ్యేసుకుని, ఎటు పొమ్మని చెప్పాలో తెలియక ఏడ్చాను. రిక్షా అతను పాపం, తడుస్తూ నిలబడ్డాడు.

అందుకే నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఈ ఇల్లు దొరికినప్పుడు మా ఆయన ముందే చెప్పాడు.

"వాళ్లు అడగలే, మనం చెప్పలే. గంతే. అబద్ధం ఆడినట్టు గాదు గద."

"అడిగితే?"

"అడిగినప్పుడు జూద్దాం. నువ్వు ఊకె ఫికర్ జెయ్యకు."

మగవాళ్లకేం! పొద్దున డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోతే దీపాలు పెట్టే వేళకు వస్తారు. రోజంతా ఆ వాకిట్లో మసిలేది నేను. అబద్ధం కాదట. మరి నా నుదుటి మీద బొట్టేమిటి? గోడకు కిరాణా దుకాణంవాళ్లిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ ఏమిటి? ఆదివారం ఆబిడ్స్‌లో ప్రార్థనకు పోతూ సందు మలుపు దాటాక బొట్టు తుడుచుకునేదాన్ని, తిరిగొస్తూ అక్కడే మళ్లీ పెట్టుకునేదాన్ని. కూరగాయల సంచిలో అడుగున బైబిలు, దాని మీద తోటకూర కట్ట. దేవుడు క్షమిస్తాడని నమ్మకం ఉండేది. ఇంటామె సంగతే అనుమానం.

ఇంటామె భర్త పోయిన మనిషి. ఆయన ఉన్నన్నాళ్లు ఆబిడ్స్‌లో బట్టల దుకాణం నడిచిందట. పిల్లలు లేరు. ముందు భాగంలో ఆమె, వెనక గదిలో మేము, మధ్యలో వాకిలి, వాకిట్లో ఒకటే నల్లా. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను "పిల్లా" అనేది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. సంతోషంగా ఉందో కోపంగా ఉందో మొహం చూస్తే తెలిసేది కాదు, నాకు అదే హడలు.

బొట్టు పెట్టుకోవచ్చు, క్యాలెండర్ తగిలించొచ్చు. చేతులకు అబద్ధం నేర్పడమే కష్టం.

మా అమ్మ మెదక్ వైపు మిషన్ దవాఖానలో ఆయా. అక్కడి నర్సమ్మల పద్ధతే మా ఇంటి పద్ధతి. ఒక బేసిన్లో పొగలు కక్కే నీళ్లు, సబ్బు నురగ. పక్క బేసిన్లో వట్టి వేడినీళ్లు. గ్లాసులు, పళ్లాలు, అన్నం గిన్నె, గరిటెలు అన్నీ వాటిలోనే మునిగి తేలాలి. ఆ తర్వాత ఉతికిన గుడ్డతో తుడవాలి. నా తమ్ముడొకడు పసితనంలో వాంతులు, విరేచనాలతో పోయాడు. అప్పటినుంచి అమ్మకు చన్నీళ్లంటే పగ. "చన్నీళ్లల్ల కడిగిన గిన్నెల నా మనుమలకు పాలు పొయ్యకు" అని నా పెళ్లికి ముందే చెప్పింది. ఎనామిల్ బేసిను సారెలో పెట్టి పంపిందంటే చూసుకోండి.

ఆ కడగడం పెద్దమ్మ చూస్తే ఇంకేమన్నా ఉందా! తిన్న పళ్లెం ముంచిన నీళ్లలో అన్నం గిన్నె ముంచడమా? ఆ నీళ్లు ఎంగిలి, అవి తగిలిందల్లా ఎంగిలి. వాళ్లింట్లో వండిన గిన్నెలు వేరుగా, తిన్న పళ్లాలు వేరుగా తోమాలి. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు. కడిగేటప్పుడు పైనుంచి చెంబుతో నీళ్లు ధారగా పొయ్యాలే తప్ప, నీళ్లలో ముంచకూడదు. గుడ్డతో తుడవడం అసలే లేదు, ఎండలో బోర్లిస్తే అవే ఆరుతాయి. ఆమెకంటూ ఒక కంచు పళ్లెం ఉండేది. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు, తనే తోముకునేది.

నేను చూసీ చూసీ అదంతా నేర్చుకున్నాను. నల్లా దగ్గర కూర్చుని బూడిదతో బరబరా తోమేదాన్ని, ధారగా నీళ్లు పోసేదాన్ని. తర్వాత గిన్నెలన్నీ గదిలోకి మోసుకొచ్చి, గడియ పెట్టి, స్టవ్ మీద నీళ్లు కాచి, అమ్మ బేసిన్లో మళ్లీ కడిగేదాన్ని. గిన్నె గిన్నెకు తగిలి టంగుమంటే ఉలిక్కిపడేదాన్ని. గుడ్డను మంచం కింద ఆరేసేదాన్ని. కడుపులో బిడ్డకు నెలలు నిండుతున్న కొద్దీ నడుం విరిగిపోయేది, అయినా మానలేదు. ఒకటి మానితే ఇల్లు పోతుంది, రెండోది మానితే పిల్లకు జబ్బు చేస్తుంది. నా బుర్రలో అప్పుడు ఈ రెండే తిరుగుతుండేవి.

అలాంటప్పుడు దిగింది పెద్దమ్మ ఆడబిడ్డ, వరంగల్ నుంచి. చచ్చిపోయిన భర్తకు అక్క. ఇల్లు తమ్ముడిది గనక ఆ ఇంట్లో ఆమె మాటే మాట. పెద్దమ్మ కూడా ఆమె ముందు కొంగు కప్పుకుని నిలబడేది. చూపు మందగించిందని ఇక్కడి దవాఖానలో చూపించుకోవడానికి వచ్చిందట. చూపు మందగించిందట! నా చేతి కింద గిన్నెకు అంటుకున్న మెతుకు కూడా ఆమె కంటపడేది. నల్లా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని అడిగేది.

"మీ తల్లిగారిది ఏ ఊరు పిల్లా?"

"మెదక్ దగ్గర."

"ఇంటి పేరేంది? శ్రావణ మాసం నోములు పడతారా మీరు?"

ఏదో గొణిగి, కడుపు పట్టుకుని లేచి వచ్చేసేదాన్ని. కడుపుతో ఉన్న మనిషిని ఎక్కువ అడగలేక ఊరుకునేది. సాయంత్రం మా ఆయనతో చెబితే, "ఎన్ని దినాలుంటది, పోతది తియ్" అన్నాడు. ఆ రాత్రి మాత్రం ఆయన కూడా సరిగా తినలేదు.

ఒక మధ్యాహ్నం నాకు నిజంగా చేతగాలేదు. కాళ్లు వాచిపోయాయి. ముందు భాగంలో ఇద్దరూ పడుకున్నారు కదా అని, నల్లా దగ్గరి పని ఎగ్గొట్టి, గిన్నెలన్నీ నేరుగా బేసిన్లో వేశాను. అప్పటికే నల్లా దగ్గర పెట్టిన పళ్లాలు రెండు చేతుల నిండా పట్టుకుని లోపలికొచ్చాను గనక తలుపు కాలితో నెట్టాను. గడియ పెట్టలేదు.

తలుపు చప్పుడైంది. తలెత్తితే గుమ్మంలో ఆడబిడ్డ. సబ్బు నురగలో అన్నం గిన్నె, పక్కనే మెతుకులంటిన పళ్లాలు, మీద తేలుతూ పాల గ్లాసు. నా భుజం మీద తుడిచే గుడ్డ.

"ఏందిది? ఎంగిలి పళ్లాలు, అన్నం గిన్నె ఒక్క నీళ్లల్లనా?" అని, వెనక్కి తిరిగి పెద్దమ్మను కేకేసింది. మళ్లీ నా వైపు తిరిగింది. "మీరు ఎవలోళ్లు? నిజం జెప్పు."

కడుపులో పిల్ల ఒక్క తన్ను తన్నింది. వాన, రిక్షా, ట్రంకుపెట్టె కళ్ల ముందుకొచ్చాయి. ఈ సారి ఈ కడుపుతో ఎక్కడికి పోవాలి? యేసయ్యా అని పైకి అనబోయి పళ్ల బిగువున ఆపుకున్నాను.

పెద్దమ్మ వచ్చింది. బేసిన్ చూసింది, నన్ను చూసింది. అదే మొహం, ఏమీ తెలియని మొహం.

"నేనే చెప్పిన వదినె" అంది. "నల్లా నీళ్లు మంచిగ లేవట. కడుపుతోని ఉన్న పిల్ల, వేడినీళ్లల్ల ముంచి కడుగుమన్న."

"ఔనా? మరి నువ్వు గూడ గిట్లనే కడుగుతున్నవా?"

పెద్దమ్మ ముందు భాగంలోకి పోయి తన కంచు పళ్లెం తెచ్చింది. మోకాళ్లు పట్టుకుంటూ నా పక్కన కూర్చుని, దాన్ని నా బేసిన్లో, మా ఎంగిలి నీళ్లలో ముంచింది. తీసి, నా భుజం మీది గుడ్డ లాక్కుని తుడిచింది. ఆడబిడ్డ "రామ రామ" అంటూ బయటికి నడిచింది.

అక్కడితో ఊరుకుందా మహాతల్లి! సాయంత్రం తనే వడ్డిస్తానని కూర్చుని, అదే పళ్లెంలో అన్నం పెట్టింది. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. పెద్దమ్మ తల వంచుకుని తింది. ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతూ, ఆఖరి మెతుకు దాకా తింది.

ఆడబిడ్డ వరంగల్ బండెక్కిన రోజు మధ్యాహ్నం నల్లా దగ్గర గరగరమని చప్పుడు. పెద్దమ్మ కంచు పళ్లెం తోముతోంది. చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, కడిగి మళ్లీ చింతపండు పట్టింది. పక్కనే కుంపటిలో నిప్పులు రాజేసి ఉన్నాయి. పళ్లేన్ని వాటి మీద అటూ ఇటూ తిప్పి సెగ చూపించింది. నన్ను చూసి కూడా ఆపలేదు.

దగ్గరికి పోయాను. కాళ్లు పట్టుకుందామనుకున్నాను, ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయాను.

"పెద్దమ్మా, మీకు ఎప్పటిసంది తెలుసు?"

"వచ్చిన నాటిసంది. తోమిన గిన్నెలు తలుపేసుకుని మళ్ల ఎవరన్న కడుగుతరా? వాకిట్లకు సబ్బు వాసన వస్తది."

"మరి... ఖాళీ చెయ్యమంటరా?"

ఆమె పళ్లెం మీద నీళ్లు ధారగా పోసి, ఎండలో బోర్లించింది. అప్పుడు తల ఎత్తింది.

"ముందుగాల పురుడు గానియ్యి" అంది.

ఆ తర్వాత ఏమిటో చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

పాప పుట్టింది. కాన్పయి ఇంటికొచ్చిన రోజు పెద్దమ్మే వాకిట్లో నీళ్లు కాచి ఇచ్చింది. పాప పాకింది, నడిచింది, ఆమె కొంగు పట్టుకుని వాకిలంతా తిరిగింది. అప్పటికీ మేము ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆమెకు తెలుసని నాకు తెలుసు. అయినా పొద్దున్నే నల్లా దగ్గర కూర్చుని బూడిదతో తోముతూనే ఉండేదాన్ని, తలుపేసుకుని మళ్లీ కడుగుతూనే ఉండేదాన్ని. కంచు పళ్లెం చప్పుడు వినపడగానే చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఆగిపోయేదాన్ని, ఇక ఖాళీ చెయ్యమనడానికి ఆమె నా వైపు వస్తోందేమోనని.